గున్నమ్మ ఇంట్లో నేను పెట్టిన లిఫ్టు

ముప్పై ఏళ్లకు పైగా రాయపూర్‌లో ఇళ్ల పని చేశాను. సగం కాలం కట్టాను. మిగతా సగం, నేను కట్టినవే పగలగొట్టి, ముసలివాళ్లు మసలుకునేటట్టు మార్చాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నా దగ్గరికి వచ్చి కొలతలు అడుగుతుంటారు. ర్యాంపు వాలు ఎంత, కమోడ్ ఎత్తు ఎంత, తలుపు వెడల్పు ఎంత అని. అవన్నీ మీ ఫోన్లలోనే దొరుకుతాయి, దానికి నేనక్కర్లేదు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. మంచి పని చేశానని మురిసిపోయి, మూడు నెలల తరవాత వెళ్లి చూసి, సిగ్గుపడిన సంగతి ఒకటుంది. అది చెబుతాను.

మెట్లు గీసింది నేనే

మా నాన్న వ్యాగన్ రిపేరు వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లో మమ్మల్ని పెంచాడు. నేను డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, అదే ఊళ్లో గుఢియారీ పేటలో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. అందరూ ఆయన్ని సేఠ్ అనేవారు, నేనూ అలాగే అన్నాను.

రాష్ట్రం ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన కొత్తలో మాకు ఊపిరాడనంత పని. గుఢియారీలో స్థలాలు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. కింద దుకాణం అద్దెకిచ్చి, పైన ఒక్కో కొడుక్కి ఒక్కో అంతస్తు వేసుకోవడం మొదలుపెట్టారు. మెట్లకు ఒక సందు మిగిలేది. "మెట్టు ఎత్తు పెంచు, మెట్లు తగ్గుతాయి, గది పెరుగుతుంది" అనేవాడు సేఠ్. నేను పెంచేవాణ్ణి. ఏడంగుళాలు ఉండాల్సిన మెట్టు తొమ్మిదంగుళాలు గీసేవాణ్ణి. ఇల్లు కట్టించుకునే వయసులో ఎవరికీ మోకాళ్ల నొప్పులు ఉండవు కాబట్టి ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

పదిహేనేళ్లు తిరిగేసరికి అవే ఇళ్ల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. అమ్మ దిగలేకపోతోంది, నాన్న ఎక్కలేకపోతున్నాడు, వచ్చి చూడండి అని. అలా వెళ్లిన మొదటి ఇంట్లోనే మెట్టుకు టేపు పెట్టి చూసి నాకు ఒళ్లు మండింది. "ఇంత ఎత్తు మెట్లు ఎవడు గీశాడండీ, వాడికి బుద్ధుందా?" అన్నాను. ఆ ఇంటాయన నా ముఖం వంక కాసేపు చూసి, "మీరే గీశారు కదా సార్" అన్నాడు. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగా గుర్తుచేశాడు. నేను టేపు చుట్టుకుని, మంచినీళ్లు అడిగి తాగాను.

స్కూటర్ ర్యాంపు

ఈ పనిలో నాకు అసలు గురువు ఇంజనీరు కాదు. సాహూ మేడమ్ అని ఒక ఫిజియోథెరపిస్టు ఉండేది. ఇళ్లకు వెళ్లి రోగుల చేత వ్యాయామం చేయించేది. నాకంటే పదేళ్లు చిన్న, నోరు మాత్రం పదింతలు పెద్ద.

ఆమె నన్ను మొదటిసారి తిట్టింది ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో. ఆయన చక్రాల కుర్చీలోకి వచ్చారు. ఇంటి ముందు ర్యాంపు వేయాలా అని కొడుకు అడిగితే, "ఉంది కదా" అని చెప్పి లోపలి పని చూసుకున్నాను. మన ఊళ్లో ప్రతి ఇంటి ముందూ సిమెంటు వాలు ఒకటి ఉంటుంది. అది స్కూటరు ఎక్కించడానికి వేసింది. స్కూటరుకు ఇంజనుంటుంది, బ్రేకుంటుంది. మాస్టారి కుర్చీని కొడుకు రెండు చేతులా పట్టుకుని దింపుతుంటే చేయి జారి, కుర్చీ వీధి దాటి ఎదురింటి గోడ దగ్గర ఆగిన ఆటోకు తగిలి ఆగింది. దేవుడి దయవల్ల కళ్లజోడు మాత్రమే పగిలింది. మాస్టారు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నీ టేపు జేబులో పెట్టుకుని ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి, లేపి, కదిలించి చూడు, అప్పుడు ఇల్లు కొలువు అని హిందీలో వీధంతా వినబడేటట్టు చెప్పింది. నాకు కోపం వచ్చింది గానీ ఆమె చెప్పింది సబబే.

సబబని తెలిశాక కూడా, గున్నమ్మ ఇంట్లో అదే తప్పు ఇంకా పెద్దగా చేశాను.

మూడంగుళాల పైపు

గున్నమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. భర్త మా నాన్నతోపాటు వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. ముగ్గురు కొడుకులూ అదే వర్క్‌షాపులో ఉద్యోగం. గుఢియారీలో ఇల్లు కట్టుకున్నారు, దాని మెట్లు కూడా నేను గీసినవే: కింద మోటారు సామాన్ల దుకాణం, మొదటి అంతస్తులో పెద్ద కొడుకు అప్పలరాజు, రెండో దాంట్లో రెండోవాడు, మూడో దాంట్లో చిన్నవాడు, అతని భార్య సునీత. గున్నమ్మకు తుంటి విరిగి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. ఆమెకు ఇల్లు అనుకూలంగా మార్చమని అప్పలరాజు నన్ను పిలిచాడు.

వెళ్లేసరికి అన్నదమ్ములు అప్పటికే మెట్లకు కడ్డీ వేసేశారు. బజార్లో మూడంగుళాల ఇనుప పైపు కొని, ముగ్గురూ కలిసి రెండు ఆదివారాలు వెల్డింగు చేసి బిగించారు. అప్పలరాజు దాన్ని అరచేత్తో కొట్టి చూపించాడు.

"వేగన్ గుద్దినా ఒంగదన్నా. కావాల్నంటే నువ్వు ఏలాడి సూడు."

నేను వేలాడి చూశాను. నిజంగానే ఒంగలేదు. మెట్ల దగ్గర గున్నమ్మ గోడకు చేయి ఆనించి నిలబడి ఉంది.

"కడ్డీ పట్టుకోవేం అమ్మా?" అన్నాను.

"ఏటట్టుకోను బాబూ? నా సెయ్యి దాన్ని సుట్టుకోదు గదా."

ఆమె చేయి పట్టుకుని పైపు మీద పెట్టి చూశాను. వేళ్లు పైపును సగం కూడా చుట్టలేదు. ముగ్గురు ఫిట్టర్లు ఆ కడ్డీ ఎంత బరువు మోస్తుందో చూశారు గానీ పట్టుకునే చేయి ఎంతుందో చూడలేదు. అప్పలరాజు పైపు మీంచి చేయి తీసేశాడు. ఆ రోజు నేను కాస్త పెద్దమనిషి ఫోజు పెట్టి, ముసలి చేతికి ఒకటిన్నర అంగుళం మించకూడదని ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లు చేసింది చిన్న తప్పు. నాది ఇంకా రాబోతోంది.

వంతులు

ఇల్లంతా చూస్తూ, అమ్మ ఏ అంతస్తులో ఉంటుందని అడిగాను. ఇప్పుడు రెండోవాడి దగ్గర ఉంది అన్నారు. ఎప్పుడూ అక్కడేనా అంటే, కాదు, వంతులు అన్నారు. ఏడాదికి ముగ్గురి దగ్గరా నాలుగేసి నెలలు. వంతు మారే రోజున ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వర్క్‌షాపు స్నేహితులు నలుగురు కలిసి ఎత్తి తీసుకెళ్లేవాళ్లు. వంతులు మనవాళ్లలో కొత్తేమీ కాదు. ఎవరికీ భారం కాకూడదనీ, ఎవరూ తప్పించుకోకూడదనీ పెద్దమనుషులు కూర్చుని చేసే ఏర్పాటు. అందులో చెడ్డతనమేమీ నాకు కనిపించలేదు.

మూడు బాత్రూములూ చూశాను. మొదటి అంతస్తులో నేల మీద కూర్చునే పాత దొడ్డి. రెండో అంతస్తులో కమోడ్ ఉంది, కానీ తలుపు ఇరవై రెండంగుళాలు, ఆమె వాకర్ ఇరవై నాలుగు. మూడో అంతస్తులో తలుపు పెద్దదే, ముందు ఆరంగుళాల గట్టు, పైగా పడుకునే గదికి ఆ కొసన. మూడూ మార్చాలి అన్నాను.

ముగ్గురూ విడివిడిగా ఒకటే మాట అన్నారు. అమ్మ మా దగ్గర ఉండేది ఏడాదికి నాలుగు నెలలే, దానికి బాత్రూము పగలగొట్టాలా అని. పిల్లల పరీక్షలని ఒకరు, కొత్తగా టైల్సు వేయించామని ఒకరు. మెట్ల విషయం మాత్రం అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే మెట్లు అందరివీ. ఆ మెట్లు వెడల్పు చేయడం కుదరదు కాబట్టి లిఫ్టు పెట్టమన్నారు.

నేనక్కడ ఆగాల్సింది. బాత్రూములు మార్చకుండా లిఫ్టు పెట్టనని చెప్పాల్సింది. చెప్పలేదు. నిజం చెప్పాలంటే, అప్పటిదాకా ఇంటి లిఫ్టు పని నాకు ఒక్కటీ రాలేదు. దాని మీద నాకు కోరిక. బాత్రూములు తరవాత చూద్దాంలే అని తలూపేశాను.

కొబ్బరికాయ కొట్టిన రోజు

వెనక బాల్కనీల మూల కోసి, ఇనుప చట్రం లేపి, ఇద్దరు పట్టే చిన్న లిఫ్టు పెట్టించాం. చట్రం మేమే వెల్డింగు చేస్తామని అన్నదమ్ములు పట్టుబడితే, ఇది వ్యాగన్ కాదు, మీ చేతులు దూరంగా పెట్టండని కసిరాను. లోపల కూర్చోవడానికి మడత బల్ల, ఒకటిన్నర అంగుళం కడ్డీ, ఆమె మోచేతికి అందే ఎత్తులో పెద్ద బటన్లు. నేల అంచూ లిఫ్టు అంచూ ఒక్క నూలు తేడా లేకుండా కలిశాయి. నా జీవితంలో అంత శుభ్రంగా వచ్చిన పని ఇంకోటి లేదు.

కొబ్బరికాయ కొట్టారు. గున్నమ్మ మూడో అంతస్తు దాకా వెళ్లి కిందికి వచ్చింది. దుకాణం ముందు రోడ్డు చూసి ఎన్నాళ్లయిందో, "ఎంత రద్దీ అయిపోనాది బాబూ" అంది. అప్పలరాజు నా రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గున్నమ్మ చేత వ్యాయామం చేయించడానికి వచ్చే సాహూ మేడమ్ ఒక్కతే బాత్రూముల సంగతేమిటని అడిగింది. జరుగుతుంది మేడమ్ అన్నాను. ఆ రోజు ఇంటికి ఛాతీ విరుచుకుని వెళ్లాను.

నిండు గ్లాసు

మూడు నెలల తరవాత లిఫ్టు తలుపు సరిగా పడటం లేదంటే చూడటానికి వెళ్లాను. గున్నమ్మ సునీత వాళ్లింట్లో ఉంది. ఆమెను చూసి గతుక్కుమన్నాను. బుగ్గలు లోపలికి పోయాయి, పెదవులు ఎండి తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసులో నీళ్లు నిండుగా ఉన్నాయి, వాటి మీద సన్నగా దుమ్ము కూడా పడింది.

"నీళ్లు తాగలేదేం అమ్మా?"

"తాగితే ఎల్లాల గదా బాబూ."

ఎక్కడికి అనబోయి ఆగిపోయాను. ఆమే చెప్పింది.

"పొద్దుట ఓ గలాసు తాగుతాను, సునీత ఇంట్లో ఉంటాది గదా, అట్టుకుంటాది. మజ్జాన్నం నుంచి మానేసినాను. ఈ వోరం గట్టు దాటాల, వొచ్చే వోరం కింద కూకోవాల, ఆపై వోరం వాకరు బైట ఒగ్గేసి గోడట్టుకుని ఎల్లాల. నిద్దర్లో మెలకువొస్తే ఏ మేడలో ఉన్నానో, తలుపు ఎటున్నాదో తెల్దు. పడిపోతే మల్లీ ఆపరేసన్ అంతారు. నీల్లు తాక్కపోతే ఏ గోలా నేదు."

ఈ వారం, వచ్చే వారం అని ఎందుకంటోందో నాకు అర్థం కాలేదు. నాలుగు నెలల వంతు కదా. సునీతను పక్కకు పిలిచి అడిగాను. సునీత ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మనసులో ఏదీ దాచుకోదు.

"ఇప్పుడు వారం వారం అంకుల్. ప్రతి సండే మారుస్తాం."

"ఎందుకూ?"

"లిఫ్ట్ ఉంది కదా అంకుల్. పహలే అయితే నలుగురు మనుషులు కావాలి, అందుకే నాలుగు మహీనాలు ఉంచేవాళ్లం. ఇప్పుడు బటన్ నొక్కితే అయిపోద్ది. ఎవరికీ పరేషానీ లేదు."

బాల్కనీలోంచి లిఫ్టు తలుపు వంక చూశాను. ఆ ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కారు. మొదట పెద్దవాడి ఇంటికి చుట్టాలొచ్చారని రెండు రోజులు పైకి పంపారు. తరవాత పిల్లల పరీక్షలని ఒక వారం. సులువుగా ఉందని అదే అలవాటైంది. మోసే కష్టమే ఆమెను ఒకచోట నాలుగు నెలలు నిలబెట్టింది. ఆ కష్టాన్ని తీసేసి, ఆమెను ఆదివారం ఆదివారం పైకీ కిందికీ తిరిగే సామాను చేసింది నేను.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది దీని తరవాత ఉంది. నేను ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అప్పలరాజుతో మాట్లాడాలి అనుకుంటూ తలుపు బాగుచేసి ఇంటికి వచ్చేశాను. వాళ్లింటి విషయం, మనకెందుకు అని ఒక సాకు. అసలు కారణం, నేను పెట్టిన లిఫ్టు వల్ల చెడు జరిగిందని నా నోటితో అనడం నాకు ఇష్టం లేకపోయింది. ఇవాళ, రేపు అంటూ పది రోజులు గడిపేశాను. పదకొండో రోజు మధ్యాహ్నం అప్పలరాజు ఫోన్ చేశాడు. గున్నమ్మ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, ఆసుపత్రిలో చేర్చాం అన్నాడు.

ముగ్గురు కొడుకులు

నేను వెళ్లేసరికి సాహూ మేడమ్ కూడా వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ బాగా ముదిరింది, ఒంట్లో నీరు లేదు అన్నాడు డాక్టరు. ఆవిడ రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుందని అడిగాడు. ముగ్గురు కొడుకులూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"నా దగ్గర ఉన్నది వారవే గదా" అన్నాడు అప్పలరాజు.

"నా దగ్గరా వారవే" అన్నాడు రెండోవాడు.

వారం రోజుల్లో ఎవరికి తెలుస్తుంది? ఈ ఇంట్లో గ్లాసు అలాగే ఉందంటే, ఈ పూటకు దాహం లేదేమో అనుకుంటారు. తెలుసుకునేలోగా ఆదివారం వస్తుంది. నాకు మాత్రం తెలుసు. అక్కడే, ఆ వరండాలో, పది రోజులుగా నాకు తెలుసని చెప్పాను. అప్పలరాజు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "మరి సెప్పలేదేటన్నా?" అని మాత్రం అడిగాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు, ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది.

నాలుగో రోజుకు గున్నమ్మకు తెలివొచ్చింది. కొడుకులు ముగ్గురూ, సునీతా మంచం చుట్టూ ఉన్నారు. సాహూ మేడమ్ ఆమె పక్కన కూర్చుని, అమ్మా, నీకు ఎక్కడ ఉండాలనుంది అని హిందీలో అడిగింది. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు. లిఫ్టు బటన్ల ఎత్తు సరిపోయిందా అని అడిగిన నేను కూడా అది అడగలేదు.

గున్నమ్మకు హిందీ బాగా వచ్చు. అయినా నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"ముగ్గురూ నా కడుపునే పుట్టినారు బాబూ. ఎవుడి పేరు సెప్పమంతావు? ఎక్కడైనా పర్వానేదు. ఒక్కకాడ ఉంచండి, సాలు."

నేను మొదటి అంతస్తు అనుకుంటూ అప్పలరాజు వైపు చూశాను. అతను నోరు తెరిచేలోపే సునీత అంది.

"మాది తోడ్ దో అంకుల్. బాత్రూమ్ మొత్తం పగలగొట్టేయండి. అత్తమ్మ మా దగ్గరే ఉంటారు, బస్."

పెన్సిలు గీత

మూడో అంతస్తు అయినా ఇబ్బంది లేదు, లిఫ్టు ఉంది. చివరికి దానికి ఒక సరైన పని దొరికింది. తొమ్మిది రోజుల్లో బాత్రూము మార్చాం. గట్టు కొట్టేశాం. తలుపు బయటికి తెరుచుకునేటట్టు పెట్టాం, లోపల పడిపోతే మనిషే తలుపుకు అడ్డం పడకుండా. పడుకునే గది గోడకు కొత్త దారి కొట్టి, మంచం మీద నుంచే బాత్రూము కనబడేటట్టు చేశాం.

ఈసారి బాత్రూములో పెట్టే కడ్డీ ఎత్తు పుస్తకంలో చూడలేదు. ఆసుపత్రి గదిలోనే గున్నమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, లేవమన్నాను. లేచేటప్పుడు ఎడమ చేయి గాలిలో ఎక్కడ వెతుకుతోందో చూసి, మేడమ్ పట్టుకుని ఉండగా గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, నేల నుంచి కొలుచుకున్నాను. నర్సు నన్ను గోడ పాడుచేస్తున్నావని తిట్టింది. మీరు కూడా అలాంటి తిట్లు తినండి, పర్వాలేదు. మనిషి చేయి ఎక్కడికి వెళ్తుందో అక్కడే కడ్డీ ఉండాలి. ఇంతకు మించి నాకు తెలిసిన విద్య లేదు.

ఇంకో మాట. ఇల్లు మార్చేటప్పుడు, మారాక ఆ ఇంటివాళ్లు ఏం చేస్తారో కూడా ఆలోచించండి. సులువు చేస్తే అలవాట్లు మారతాయి, అవి ఎటు మారతాయో మన డ్రాయింగులో ఉండదు. పని అయిపోయిన నెలకు ఒకసారి, ఎవరూ పిలవకపోయినా వెళ్లి చూసి రండి.

ఆదివారం

గున్నమ్మ శుక్రవారం ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున్నే సునీత ఫోన్ చేసింది. "అంకుల్, జల్దీ రండి, ఒకసారి చూడండి" అంది. లిఫ్టుకు ఏదో అయిందనుకుని ఉన్నపళంగా బండి తీశాను.

లిఫ్టుకు ఏమీ కాలేదు. గున్నమ్మ లిఫ్టు తలుపు ముందు కుర్చీలో కూర్చుని ఉంది. స్నానం అయింది, తల దువ్వుకుంది, ఒళ్లో గుడ్డ సంచి. చీరలు, జాకెట్లు, మందుల డబ్బా అందులో సర్దుకుంది. ఎప్పుడు లేచి సర్దుకుందో సునీతకు కూడా తెలియదు.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"ఆదోరం గదా బాబూ. పెద్దోడి కాడికి ఎల్లాల."

మనం ఎన్ని గోడలు పగలగొట్టినా ఆమెకు ఒకచోట ఉంచుతారన్న నమ్మకం రాలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. సునీత కిందికి ఫోన్ చేసింది. అప్పలరాజు లిఫ్టు కోసం ఆగకుండా, నేను గీసిన ఆ తొమ్మిదంగుళాల మెట్లు రెండంతస్తులు ఎక్కి రొప్పుతూ వచ్చాడు. తల్లి ముందు నేల మీద చతికిలబడి కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తరవాత ఆమె ఒళ్లోంచి సంచి తీసుకున్నాడు.

"నువ్వింకెక్కడికీ ఎల్లక్కర్లేదమ్మా. ఆదోరం ఆదోరం మేవే వొత్తాం."

అప్పలరాజు లేచి సంచిలోంచి ఒక్కో చీరా తీసి సునీత బీరువాలో పెట్టడం మొదలుపెట్టాడు. మగవాడి మడతలు, ఒకటీ సరిగా లేదు. గున్నమ్మ కుర్చీ బీరువా వైపు తిప్పమంది. ఆఖరి చీర లోపలికి వెళ్లేదాకా, ఖాళీ సంచి మడిచి పై అరలో పెట్టేదాకా కళ్లు తిప్పకుండా చూసింది. అప్పుడు కోడల్ని పిలిచి తాగడానికి నీళ్లడిగింది.